సొంతంగా కట్టుకున్న ఫైర్‌వాల్ రౌటర్‌లో నెట్ నెమ్మదిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో మా ఇంటి మేడమెట్ల కింద ఒక పాత ఆఫీసు కంప్యూటర్ ఉంది. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. రెండు పోర్టుల ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు ఒకటి వేసి, పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఇంటి నెట్టంతా దాని గుండానే పోయేటట్టు పెట్టాను. అది చూసి పాతపట్నంలో మా బావ, గుణుపురంలో పిన్ని వాళ్లు, రాయగడలో ట్యూషన్ సెంటర్ నడిపే ఇద్దరు స్నేహితులు నా చేత కట్టించుకున్నారు. అప్పట్నుంచీ నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "నువ్వు పెట్టిన డబ్బా వల్ల నెట్టు స్లో అయిపోయింది." కొన్నిసార్లు నిజమే. ఎక్కువసార్లు కాదు. అందరికీ విడివిడిగా చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. పీఎఫ్‌సెన్స్, దాని లాంటిదే అయిన ఓపీఎన్‌సెన్స్ వాడేవాళ్లని దృష్టిలో పెట్టుకున్నా, రౌటర్లలో వేసుకునే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

తప్పు డబ్బాదా, కనెక్షన్ ఇచ్చినవాళ్లదా? ఎలా తెలుస్తుంది?

సెట్టింగుల జోలికి పోకముందే మూడు కొలతలు తీసి కాగితం మీద రాయండి. మొదటిది, ఫైబర్ వచ్చి తగిలే కంపెనీ పెట్టెకి (ఓఎన్‌టీ) ల్యాప్‌టాప్‌ని నేరుగా కేబుల్‌తో తగిలించి. రెండోది, డబ్బా వెనక కేబుల్‌తో. మూడోది, మీరు మామూలుగా కూర్చునే చోట వైఫై మీద. ఓఎన్‌టీ బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తాను రౌటర్ పని చేయకుండా లైనుని నేరుగా దాటించేలా, ఉంటే మొదటి కొలతకి ల్యాప్‌టాప్‌లోనే పీపీపీఓఈ (లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి డయల్ చేయాలి. కొందరు ప్రొవైడర్లు ఒక్క పరికరాన్నే గుర్తు పెట్టుకుంటారు, అలాంటప్పుడు ఓఎన్‌టీని ఒకసారి ఆపి వెయ్యాల్సి వస్తుంది.

మొదటి అంకే తక్కువైతే డబ్బాని వదిలేయండి, దాని పాపం ఏమీ లేదు. మొదటిది బాగుండి రెండోది పడిపోతే డబ్బాదో కేబుల్‌దో తప్పు. మూడోది ఒక్కటే పడిపోతే వైఫై. మూడు కొలతలూ ఒకే వేళలో తీయాలి. పొద్దున్న ఆరింటికి ఒకటి, రాత్రి తొమ్మిదింటికి ఇంకొకటి తీసి పోల్చుకుంటే ఏమీ తేలదు. ఫైబర్ అయినా అది మీ ఒక్కరిదీ కాదు. ఇళ్లకి ఫైబర్ పంచే జీపాన్ అనే పద్ధతి లైనులో 2.5 గిగాబిట్‌ల దాకా వచ్చే దాన్ని స్ప్లిటర్ పెట్టి వీధిలో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అందరూ టీవీలు పెట్టే వేళకి ఆ తేడా కనిపిస్తుంది.

స్పీడ్ టెస్ట్‌లో సర్వర్ కూడా చూసుకోండి. ఒకసారి భువనేశ్వర్, ఒకసారి విశాఖపట్నం, ఒకసారి హైదరాబాద్ పెట్టి చూస్తే ఒకే లైను మీద మూడు రకాల అంకెలు రావచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని ఎప్పుడూ దానితోనే పోల్చండి.

100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నాను. సినిమా డౌన్‌లోడ్ పెడితే 12 మాత్రమే చూపిస్తోంది?

అది సరిగ్గానే ఉంది. ప్లాను లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ లెక్క బైట్లలో. ఎనిమిదితో భాగిస్తే 12.5. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను.

200 ప్లాను. ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతోంది, ఒక్క అంకె పెరగదు. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగితే నాకు సంతోషం, ఎందుకంటే జవాబు దాదాపు ఖాయం. ఎక్కడో ఒక లింకు గిగాబిట్‌కి బదులు 100 మెగాబిట్‌కి దిగిపోయింది. 100 మెగాబిట్ ఈథర్నెట్‌లో హెడర్లు, అంటే ప్రతి డేటా ప్యాకెట్‌కి తగిలే చిరునామా చీటీలు, పోగా చేతికి వచ్చేది 94, 95. గిగాబిట్ అయితే 940 దాకా వస్తుంది. అందుకే 94 అనే అంకె కనిపిస్తే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం పెట్టుకోకండి.

పీఎఫ్‌సెన్స్‌లో స్టేటస్ మెనూలో ఇంటర్‌ఫేసెస్ తెరవండి. ఓపీఎన్‌సెన్స్‌లో ఇంటర్‌ఫేసెస్ కింద ఓవర్‌వ్యూ. ఒక్కో పోర్టు ఎంత వేగానికి ఒప్పుకుందో అక్కడే ఉంటుంది. వాన్ (బయటి లైను వైపు), లాన్ (ఇంటి వైపు) రెండూ చూడండి. తర్వాత స్విచ్ మీద లైటు రంగు, ల్యాప్‌టాప్ లింకు కూడా. మధ్యలో ఒక్క పాత 100 స్విచ్ ఉన్నా ఇంటి మొత్తాన్ని కట్టేస్తుంది.

కారణం సాధారణంగా కేబులే. 100 మెగాబిట్‌కి నాలుగు తీగలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. లైను వేయడానికి వచ్చిన కుర్రాడు ఆరెంజ్ జత, గ్రీన్ జత మాత్రమే క్రింప్ చేసి (కనెక్టర్‌లో నొక్కి బిగించి), నీలం, గోధుమ రంగు జతలని కత్తిరించి పారేసి పోయిన ఇళ్లు నేను చూశాను. అప్పుడు ఆ ఇంట్లో 40 ఎంబీపీఎస్ ప్లాను కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియలేదు. ప్లాను పెంచిన రోజున నేరం నా డబ్బా మీద పడింది. తీగ తెగిన కేబుల్‌తో కొన్ని కార్డులు నెమ్మదిగా 100కి దిగుతాయి, కొన్ని లింకు కలుపుతూ తెంపుతూ సతాయిస్తాయి.

కేబుల్ కొనేటప్పుడు ఇంకో మోసం. పైన క్యాట్ 6 అని అచ్చేసి ఉంటుంది, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. బ్లేడుతో గీస్తే తెల్లగా బయటపడుతుంది. పొట్టి ముక్కకి పర్వాలేదు గానీ, కింది అంతస్తు నుంచి మేడ మీదికి లాగితే ఎర్రర్లు మొదలవుతాయి, పైగా వంచితే విరుగుతుంది.

మా బావ ఇంట్లో కథ వేరు. కాళబైశాఖి వానలో పక్క కొబ్బరి చెట్టు మీద పిడుగు పడింది. కరెంటు పోయి వచ్చాక అన్నీ పనిచేశాయి, నెట్టు కూడా వచ్చింది, కానీ 94 దగ్గర కట్టుబడిపోయింది. రెండు కేబుళ్లు మార్చాను, క్రింపింగ్ మళ్లీ చేశాను. చివరికి తేలింది ఏమిటంటే కార్డులో వాన్ పోర్టు ఒక్కటే సగం చచ్చింది. గిగాబిట్ రాదు, 100 మాత్రం చక్కగా వస్తుంది. పూర్తిగా చచ్చి ఉంటే ఒక పూటలో కనిపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఉరుము వినిపిస్తే కరెంటు ప్లగ్గుతో పాటు ఈథర్నెట్ కేబుల్ కూడా పీకుతాం.

లింకు 1000 అనే చూపిస్తోంది, అయినా వేగం లేదు.

అదే పేజీలో ఇన్ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన ప్యాకెట్లు), కొలిజన్లు (ఢీకొన్న ప్యాకెట్లు) చూడండి. సున్నా ఉండాలి. గంటగంటకీ పెరుగుతుంటే కేబుల్, పోర్టు మార్చి చూడండి. 100 చూపించే రెండో పోర్టు మీద కొలిజన్లు పెరుగుతుంటే ఒక వైపు వేగాన్ని చేత్తో 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి రానూ పోనూ) అని బిగించి, రెండో వైపు ఆటో వదిలేశారేమో చూడండి. ఆటో ఉన్న వైపు దానికి ఏమీ అర్థం కాక హాఫ్ డూప్లెక్స్‌కి (ఒకసారి ఒక వైపే) దిగిపోతుంది. రెండు వైపులా ఆటో పెట్టండి. తొంభైల నాటి అలవాటుతో స్పీడు బిగించే పెద్దలు ఇంకా ఉన్నారు.

ఎర్రర్లు కూడా లేకపోతే రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే ఐపెర్ఫ్3 తో కొలవండి. అయితే డబ్బా మీదే ఐపెర్ఫ్ నడిపి అంకె తక్కువ వచ్చిందని బెంగ పడకండి. రౌటర్ పని ప్యాకెట్లని ఇటు నుంచి అటు దాటించడం, తాను పుట్టించడం కాదు. వాన్ వైపు ఒక ల్యాప్‌టాప్, లాన్ వైపు ఒకటి పెట్టి డబ్బా గుండా కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

రియల్‌టెక్ కార్డు వద్దంటారు. నిజంగా అంత చెడ్డదా?

విండోస్‌లో, లైనక్స్‌లో చక్కగా పనిచేస్తుంది. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, అక్కడ ఉన్న పాత డ్రైవర్‌తోనే పేచీ. బరువు పడితే వేగం పడిపోవడం, పోర్టు ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టి మళ్లీ రావడం, లాగ్‌లో వాచ్‌డాగ్ టైమౌట్ అని పడటం, ఇవి దాని గుర్తులు. ఓపీఎన్‌సెన్స్‌లో కంపెనీ డ్రైవర్ ప్లగిన్‌గా దొరుకుతుంది. దాన్ని వేసి రీబూట్ చేస్తే చాలామందికి నయమవుతుంది. నా సలహా అడిగితే, పాత సర్వర్ల నుంచి ఊడదీసిన రెండు పోర్టుల ఇంటెల్ కార్డు వెతుక్కోండి. బరంపురంలోనో విశాఖలోనో సెకండ్ హ్యాండ్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. మరీ తళతళలాడే "కొత్త" సర్వర్ కార్డు అనుమానాస్పదమైన ధరకి ఇస్తే నకిలీ కావచ్చు.

ఇంటెల్ అంటే అన్నీ బంగారమూ కాదు. 2.5 గిగాబిట్ ఐ225 చిప్పు తొలి విడతల్లో ప్యాకెట్లు పడిపోయే దోషం ఉంది. ఆ పోర్టుని 1 గిగాబిట్‌కి కట్టేస్తే అది తగ్గుతుంది. స్పీడు బిగించొద్దని ఇప్పుడే చెప్పి మళ్లీ బిగించమంటున్నానని నవ్వకండి. అవసరం వేరు.

నాలుగు కోర్ల ప్రాసెసర్. సీపీయూ 25 శాతమే వాడుతోంది, అయినా నెట్టు స్లో. ఏమిటీ వింత?

25 శాతం అంటే నాలుగు కోర్లలో ఒకటి పూర్తిగా నలిగిపోయి, మూడు ఖాళీగా కూర్చున్నాయని అర్థం కావచ్చు. రేషన్ షాపులో నాలుగు కౌంటర్లు ఉన్నా లైను ఒక్కటే నడిపితే ఎలా ఉంటుందో అలా. పీఎఫ్‌సెన్స్ డయాగ్నస్టిక్స్‌లో సిస్టమ్ యాక్టివిటీ తెరిచి, ఇంకో పక్క స్పీడ్ టెస్ట్ నడుపుతూ చూడండి. ఒక్క కోరు నూటికి చేరితే దొరికినట్టే.

దీనికి మూలం ఎక్కువగా పీపీపీఓఈ. కార్డు వచ్చిన ప్యాకెట్లని ఐపీ చిరునామాలని బట్టి కోర్లకి పంచుతుంది. పీపీపీఓఈ తొడుగులో ఉన్న ప్యాకెట్‌లో ఆ చిరునామా పైకి కనిపించదు, కాబట్టి అన్నీ ఒకే క్యూలో, ఒకే కోరు మీద పడతాయి. 100 ప్లానుకి ఇది తెలియదు, 500 దాటితే పాత ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. సిస్టమ్ ట్యూనబుల్స్ పేజీలో, ప్యాకెట్ల పనిని ఎలా పంచాలో చెప్పే నెట్ ఐఎస్ఆర్ డిస్పాచ్ విలువని డిఫర్డ్ అని మార్చితే కొంత ఉపశమనం. పీఎఫ్‌సెన్స్ 2.8లో పీపీపీఓఈకి కొత్త డ్రైవర్ ఇచ్చారు, దానికి మారితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అప్పటికీ చాలకపోతే కోర్ల సంఖ్య చూసి కాకుండా ఒక్కో కోరు బలం చూసి ప్రాసెసర్ కొనండి.

పాత కంప్యూటర్ చాలదా? ర్యామ్ పెంచితే వేగం వస్తుందా?

ర్యామ్ పెంచితే రాదు. కనెక్షన్ల పట్టికలో ఒక్కో దానికి పట్టేది సుమారు ఒక కిలోబైట్, ఇంటికి 4 జీబీ కావలసినంత. చూడాల్సింది కార్డు ఎక్కడ గుచ్చారు అన్నది. పాత పీసీఐ స్లాట్ మొత్తానికి కలిపి సెకనుకి 133 మెగాబైట్లు, అందులోనే రెండు కార్డులూ రానూ పోనూ పంచుకోవాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉన్న మదర్‌బోర్డు తీసుకోండి. యూఎస్‌బీ ఈథర్నెట్ ముక్కతో రౌటర్ కట్టడం అత్యవసరానికి సరే, సంసారానికి కాదు.

దాడుల్ని కనిపెట్టే సురికాటా ఆన్ చేశాక వేగం సగానికి పడిపోయింది.

పడుతుంది. ప్రతి ప్యాకెట్ పొట్ట విప్పి చూడటం ఊరికే కాదు. ఆపి చూడండి, వేగం తిరిగొస్తే అదే. ఇప్పుడు వెళ్లేది దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది కాబట్టి ఇంట్లో దానివల్ల దొరికేది తక్కువ అని నా అభిప్రాయం. బయటి నుంచి లోపలికి పోర్టులు తెరిచి ఉంచేవాళ్లు మాత్రం కావలసిన రూల్సే ఉంచుకుని మిగతావి తీసేయండి.

చెక్‌సమ్ ఆఫ్‌లోడ్, టీఎస్ఓ, ఎల్ఆర్ఓ అని ఏవో టిక్కులు ఉన్నాయి. పెట్టాలా, తీయాలా?

ఇవన్నీ ప్రాసెసర్ పనిలో కొంత కార్డుకి అప్పగించే టిక్కులు. ప్యాకెట్లని ముక్కలు చేసే టీఎస్ఓ, కలిపే ఎల్ఆర్ఓ రౌటర్‌కి పనికిరావు, ఆపే ఉంచండి. ప్యాకెట్ చెడిందా లేదా లెక్కచూసే చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ మంచి ఇంటెల్ కార్డు మీద ఉండొచ్చు. ఒకే కంప్యూటర్‌లో చాలా యంత్రాల్ని నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో వర్చువల్ మెషీన్‌గా నడుపుతూ వర్ట్‌ఐఓ అనే ఉత్తుత్తి కార్డు ఇచ్చి ఉంటే మాత్రం తప్పకుండా ఆపి రీబూట్ చేయండి. లేకపోతే పింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, పేజీ మాత్రం నత్తలా తెరుచుకుంటుంది. ఈ ఒక్క టిక్కు కోసం రాయగడలో నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

స్పీడ్ టెస్ట్ బాగానే వస్తోంది. కానీ ఎవరో ఫొటోలు అప్‌లోడ్ పెడితే వీడియో కాల్ ముక్కలైపోతోంది.

ఇది వేగం జబ్బు కాదు, క్యూ జబ్బు. రైల్వే గేటు పడినప్పుడు ఇసుక లారీల వెనక ఇరుక్కున్న సైకిలు లాంటిది మీ కాల్. అప్‌లోడ్ తాలూకు ప్యాకెట్లు మోడెమ్ బఫర్ నిండా బారులు తీరితే, కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ వాటి వెనక నిలబడుతుంది. బఫర్‌బ్లోట్ అంటారు. కనిపెట్టడం తేలిక: ఒక కిటికీలో పింగ్ నడుపుతూ పెద్ద అప్‌లోడ్ పెట్టండి. 15 మిల్లీసెకన్లు ఉన్నది 300, 400 అయితే అదే.

మందు కూడా ఉంది, సొంత డబ్బా కట్టుకున్నందుకు అసలు లాభం ఇక్కడే. క్యూని మోడెమ్ చేతిలోంచి మన డబ్బా చేతిలోకి లాక్కోవాలి. పీఎఫ్‌సెన్స్‌లో ఫైర్‌వాల్, ట్రాఫిక్ షేపర్, లిమిటర్స్‌లోకి (వేగానికి పరిమితి పెట్టే చోటు) వెళ్లి ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూ పద్ధతి ఎంచుకోండి. ఓపీఎన్‌సెన్స్ షేపర్‌లోనూ అదే ఉంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసుకుని అందులో కేక్ అనే క్యూ పద్ధతి పెట్టుకోండి. పరిమితిని ప్లాను అంకె మీద కాదు, మీరు కొలిచిన అంకె మీద 90 శాతానికి పెట్టండి. 96 కొలిస్తే 86తో మొదలుపెట్టి, పింగ్ చెడనంత వరకు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోండి. అప్‌లోడ్‌ది ముందు సరిచేయండి, గొడవ ఎక్కువగా అక్కడే.

ఒక హెచ్చరిక, నా చెంపలు నేనే వేసుకుంటూ. పిన్ని వాళ్లింట్లో 50 ప్లాను రోజుల్లో లిమిటర్‌ని 45కి పెట్టాను. తర్వాత వాళ్లు 150 తీసుకున్నారు. మూడు నెలలు ప్రొవైడర్‌తో పోట్లాడారు, రెండుసార్లు మనిషి వచ్చి ఓఎన్‌టీ మార్చి వెళ్లాడు. నేను వెళ్లి చూస్తే నా 45 అక్కడే కూర్చుని ఉంది. ప్లాను మారితే లిమిటర్ మార్చాలి.

వేగం ఉంది. పేజీ మాత్రం తెరుచుకోవడానికి రెండు, మూడు సెకన్లు తటపటాయిస్తోంది.

సైటు పేరుని చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్‌ని చూడండి. డబ్బాలో ఆ పని చేసే అన్‌బౌండ్ రిజాల్వర్ మోడ్‌లో ఉంటే ప్రతి కొత్త పేరుకీ తానే ఒక్కో సర్వర్‌నీ అడుగుతూ రావాలి. మన వైపు లైన్లలో అది తెలుస్తుంది. ఫార్వర్డింగ్ మోడ్ పెట్టి 1.1.1.1కో 8.8.8.8కో (బయటి డీఎన్‌ఎస్ సర్వర్లు) పంపి చూడండి. ప్రకటనల్ని ఆపే పీఎఫ్‌బ్లాకర్‌లో లక్షల పేర్ల జాబితాలు వేసుకున్నవాళ్లకి ఇంకో చిక్కు. డీహెచ్‌సీపీ లీజుల్ని (ఇంట్లో ఒక్కో పరికరానికీ డబ్బా ఇచ్చే చిరునామాల్ని) డీఎన్‌ఎస్‌లో నమోదు చేయమనే టిక్కు పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీతో ఉంటే, ఇంట్లోకి కొత్త ఫోను వచ్చినప్పుడల్లా అన్‌బౌండ్ మళ్లీ మొదలవుతుంది. అంత జాబితా చదువుకునేదాకా ఎవరికీ జవాబివ్వదు. పండక్కి చుట్టాలొచ్చినప్పుడే నెట్టు పాడవుతోందని ఒకరు చెప్పిన మాట వల్లే ఇది దొరికింది. ఆ టిక్కు తీసేయండి.

కొన్ని సైట్లే తెరుచుకోక, మిగతావి బాగుంటే ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు. పీపీపీఓఈ ఎనిమిది బైట్లు తినేస్తుంది కాబట్టి 1500 కాదు, 1492. ల్యాప్‌టాప్ నుంచి ముక్కలు చేయొద్దని చెప్పి 1464 సైజుతో పింగ్ కొట్టండి. అది పోయి, 1465 పోకపోతే లెక్క సరిపోయినట్టు. వాన్ పేజీలో ఎంఎస్ఎస్ (ప్యాకెట్‌లో అసలు డేటా సైజు) దగ్గర 1492 వేస్తే, హెడర్లకి 40 తీసేసి 1452గా పీఎఫ్‌సెన్స్ తానే సర్దుకుంటుంది.

ఎండాకాలం మధ్యాహ్నం మాత్రమే స్లో అవుతోంది.

ఫ్యాన్ లేని చిన్న మినీ పీసీని టీవీ వెనకో బీరువా మీదో పెట్టి ఉంటారు. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. డ్యాష్‌బోర్డులో థర్మల్ సెన్సర్ పెట్టుకుని చూడండి. 85 దాటుతుంటే కిందికి దించి గాలి తగిలేచోట పెట్టండి. పాత డెస్క్‌టాప్ అయితే హీట్‌సింక్ విప్పి, దుమ్ము దులిపి, ఎండిపోయిన పేస్టు తీసి కొత్తది రాయండి. మా మెట్ల కింద చోటు ఎంచుకున్నది అందంగా ఉంటుందని కాదు.

వీపీఎన్ వేస్తే 30కి పడిపోతోంది.

ప్రాసెసర్‌లో ఏఈఎస్ ఎన్‌ఐ (ఎన్‌క్రిప్షన్ పనిని వేగంగా చేసే సౌకర్యం) ఉందా? జే1900లో లేదు, కోర్ టూ డ్యూయోలో లేదు, రెండో తరం ఐ3 డెస్క్‌టాప్‌లలో కూడా లేదు. ఉన్నా మామూలు ఓపెన్‌వీపీఎన్ ఒక్క కోరు మీదే నడుస్తుంది. వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్‌కి మారండి. అది ఏఈఎస్ వాడదు, పాత ప్రాసెసర్ మీద కూడా హాయిగా పరిగెడుతుంది.

వైఫై కార్డు డబ్బాలోనే గుచ్చేయొచ్చా?

వద్దు. ఫ్రీబీఎస్‌డీలో వైఫై బలహీనం. పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చి, దాని డీహెచ్‌సీపీ ఆపి, లాన్ పోర్టుకి తగిలించండి.

తప్పు లైనుదే అని తేలింది. కస్టమర్ కేర్‌కి ఏం చెప్పాలి?

"నెట్ స్లో" అంటే రౌటర్ ఆపి వేయండి అంటారు, అక్కడితో అయిపోతుంది. ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ చూసి ఆ అంకె చెప్పండి. మైనస్ 27 డీబీఎం కంటే బలహీనంగా, అంటే మైనస్ 28, 29 ఉంటే కేబుల్ ఎక్కడో నలిగిందనో, జాయింటు చెడిందనో అర్థం. ఆ అంకె వింటే అవతలివాళ్లు మీతో వేరేగా మాట్లాడతారు. ఇక్కడ మనం ఒడిశా సర్కిల్ కాబట్టి ఫోనెత్తితే ఒడియా, హిందీ వస్తాయి. ఇంట్లో పిల్లలెవరైనా ఒడియా బడిలో చదువుతుంటే వాళ్ల చేత మాట్లాడించండి, పని త్వరగా అవుతుంది. సరిహద్దు దాటి పాతపట్నంలో ఉంటే ఆంధ్రా సర్కిల్, తెలుగులోనే పోట్లాడుకోవచ్చు. ఫిర్యాదు నంబరు రాసుకోవడం మరవొద్దు. తేలకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, అక్కడ ఆ నంబరు అడుగుతారు.

ఫోను చేయకముందు నెలవారీ డేటా పరిమితి దాటలేదని మాత్రం చూసుకోండి. దాటాక వేగం తగ్గిస్తామని ప్లాను కాగితంలోనే రాసి ఉంటుంది.

అన్నీ చూశాను, ఏమీ దొరకలేదు. మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించనా?

కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకుని ఎక్కించండి, కానీ ఆ బ్యాకప్‌ని వెంటనే వెనక్కి వేయకండి. ఏ సెట్టింగూ మార్చని కొత్త డబ్బాతో ముందు కొలవండి. వేగం వస్తే, పాత సెట్టింగుల్ని ఒక్కొక్కటిగా వేస్తూ ప్రతిసారీ కొలవండి, ఏది వేసినప్పుడు పడిపోయిందో అదే దొంగ. రాకపోతే మళ్లీ కేబుల్ దగ్గరికే రండి, ఈసారి మీరు ఇంతవరకు మార్చని ఆ ఒక్క చిన్న ముక్కతో సహా.